జర్మనీలో రైలెక్కడం ఎలా: ఏ టికెట్టు ఏ రైలుకు చెల్లుతుంది, ఆలస్యమైతే ఏం చేయాలి

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చినవాళ్లు రైళ్ల విషయంలో పడే ఇబ్బందులు చాలామటుకు ఒక్కచోటే మొదలవుతాయి. స్టేషన్లో రెండు రైళ్లు పక్కపక్కన ఆగి ఉంటాయి. రెండూ మీరు వెళ్లాల్సిన ఊరికే పోతాయి. మీ టికెట్టు ఒకదానిలో చెల్లుతుంది, రెండోదానిలో చెల్లదు. లోపలికి వెళ్లడానికి గేట్లుండవు, తలుపు దగ్గర అడిగేవాళ్లుండరు. రైలు కదిలాక టీసీ వచ్చి చూసేదాకా తేడా తెలియదు. అందుకే అన్నిటికన్నా ముందు రైలు రకాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. ధర, సీటు, ఆలస్యమైనప్పుడు మీకుండే హక్కులు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

నంబరు ముందున్న అక్షరాలు చూడండి

ప్రతి రైలు నంబరు ముందూ ఒకటి నుంచి మూడు అక్షరాలుంటాయి. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉంటే ప్రాంతీయ రైలు. ఆర్‌ఈ కొంచెం పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది, ఆర్‌బీ దారిలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, ఎస్ అంటే నగరానికీ శివార్లకూ మధ్య తిరిగే ఎస్‌-బాన్. ఐసీఈ, ఐసీ, ఈసీ అని ఉంటే దూరప్రయాణపు రైలు. టికెట్ల మీద, జర్మనీ ప్రధాన రైల్వే సంస్థ డాయిషె బాన్ వారి డీబీ నావిగేటర్ యాప్‌లో ఈ రెండు తరగతులకు వాడే జర్మన్ మాటలు నాఫెర్‌కేర్, ఫెర్న్‌ఫెర్‌కేర్. మొదటిది ప్రాంతీయం, రెండోది దూరప్రయాణం. ఈ రెండు మాటలూ తెలిస్తే చాలా నిబంధనలు వాటంతటవే అర్థమవుతాయి.

రంగును నమ్ముకోకండి. డాయిషె బాన్ నడిపే ప్రాంతీయ రైళ్లు ఎక్కువగా ఎరుపు, ఐసీఈలు తెలుపు మీద ఎర్ర గీత. కానీ ప్రాంతీయ రైళ్లను చాలాచోట్ల మెట్రోనోమ్, ఓడెగ్, బయెరిషె రెగియోబాన్ లాంటి వేరే సంస్థలు వేరే రంగుల్లో నడుపుతాయి. ప్రాంతీయ టికెట్టు వాటిలోనూ చెల్లుతుంది. రెండంతస్తుల ఐసీ రైళ్లు మాత్రం చూడ్డానికి అచ్చం ప్రాంతీయ రైళ్లలాగే ఉంటాయి, వాటిలో ప్రాంతీయ టికెట్టు మామూలుగా పనికిరాదు. ఆకుపచ్చ రంగు ఫ్లిక్స్‌ట్రైన్ పూర్తిగా వేరే కంపెనీది. దానికి దాని టికెట్టే కొనాలి.

మీకు ఏ టికెట్టు సరిపోతుందో తేల్చుకోండి

విద్యార్థులైతే ముందు మీ సెమిస్టర్ ఫీజు రసీదు తీసి చూడండి. చాలా యూనివర్సిటీల్లో ఆ ఫీజులోనే జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలో చెల్లే సెమిస్టర్ టికెట్టు కలిసి ఉంటుంది. అప్పటికే డబ్బు కట్టేసిన టికెట్టు చేతిలో ఉండగా తెలియక మళ్లీ కొనుక్కునేవాళ్లున్నారు.

అది లేనివాళ్లకు డాయిష్‌లాండ్ టికెట్ ఉంది. 2023 మే 1న నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. దీంతో దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీల్లోకి మామూలుగా రానివ్వరు. ఇది మీ పేరు మీద ఉంటుంది కాబట్టి ఇంకొకరికి ఇవ్వకూడదు, ఫొటో ఉన్న గుర్తింపు పత్రం దగ్గరుంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది చందా. మీరు ఆపమనేదాకా ప్రతి నెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. నెల 10వ తేదీలోపు రద్దు చేస్తే ఆ నెలాఖరుతో ఆగుతుంది. ఒక్క నెలే కావాలనుకుంటే, తీసుకున్నాక ఆ నెల 10వ తేదీలోపే రద్దు కూడా చేసేయండి. నెలాఖరుదాకా ఎలాగూ పనిచేస్తుంది.

నలుగురైదుగురు కలిసి ఒక రాష్ట్రంలోనే రోజంతా తిరగాలంటే ఆ రాష్ట్రపు రోజు టికెట్టు తీసుకోండి. బవేరియాలో దాని పేరు బయెర్న్ టికెట్. ఒకే టికెట్టు మీద అయిదుగురిదాకా వెళ్లవచ్చు, తలా కొంచెమే పడుతుంది. సోమవారం నుంచి శుక్రవారందాకా ఉదయం 9 గంటల నుంచే చెల్లుతుంది, మర్నాడు తెల్లవారుజాము 3 దాకా ఉంటుంది. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే మొదలవుతుంది. 9కి ముందు బయల్దేరే రైల్లో కూర్చుని 9 తర్వాత చెక్ చేస్తారులే అని ధీమా పడకండి. టికెట్టు మీద ప్రయాణికుల పేర్లు రాయడం మరచిపోకండి.

ఇక దూరప్రయాణపు రైళ్లు. బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కి ఐసీఈ స్ప్రింటర్ దాదాపు 4 గంటల్లో చేరుస్తుంది. అదే దారి ప్రాంతీయ రైళ్లలో పోతే, రైలు మారుతూ మారుతూ పగలంతా గడిచిపోతుంది. డాయిష్‌లాండ్ టికెట్ ఉంది కదా అని అంత దూరం ప్రాంతీయ రైళ్లలో వెళ్లడం ఒకసారి సరదాగా ఉండొచ్చు గానీ, చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులుంటే మాత్రం వద్దని చెబుతాను.

ఐసీఈ టికెట్లలో మూడు రకాలు. సూపర్ ష్పార్‌ప్రైస్ అన్నిటికన్నా చవక, రద్దు చేసుకుంటే పైసా రాదు. ష్పార్‌ప్రైస్ కాస్త ఎక్కువ, ప్రయాణపు రోజుకు ముందే రద్దు చేసుకుంటే రుసుము పట్టుకుని మిగతాది ఇస్తారు. ఈ రెండింటికీ ట్సూగ్‌బిండుంగ్ అనే కట్టుబాటు ఉంది. అంటే టికెట్టు మీద రాసిన ఐసీఈ లేదా ఐసీలోనే ఎక్కాలి, ముందు రైలుగానీ తర్వాతి రైలుగానీ పట్టుకోకూడదు. మూడోది ఫ్లెక్స్‌ప్రైస్. ఖరీదెక్కువ, కానీ ఆ రోజు ఆ దారిలో ఏ రైలైనా ఎక్కవచ్చు. చవక టికెట్లు పరిమితంగా ఉంటాయి, అమ్ముడవుతున్నకొద్దీ ధర పెరుగుతుంది. తేదీ ఖాయమైన రోజే కొనేయడం మేలు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం మానుకుంటే తేడా బాగా కనిపిస్తుంది. 27 ఏళ్ల లోపు వాళ్లకు విడిగా తక్కువ ధరలున్నాయి, వెతికేటప్పుడు వయసు సరిగ్గా పెట్టండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు అమ్మానాన్నలతో దూరప్రయాణపు రైలెక్కితే ఛార్జీ ఉండదు, కాకపోతే టికెట్టు కొనేటప్పుడే వాళ్లను కూడా చేర్చాలి.

తరచూ తిరిగేవాళ్లు బాన్‌కార్డ్ 25 అనే రాయితీ కార్డు తీసుకుంటే దూరప్రయాణపు టికెట్ల మీద పావు వంతు తగ్గుతుంది. ఇదీ చందాయే. గడువుకు 4 వారాల ముందే రద్దు చెప్పకపోతే ఇంకో ఏడాదికి సాగుతుంది.

మొత్తం దారికీ ఒకే టికెట్టు కొనండి

ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగమంటాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మీరు ఒక చిన్న ఊళ్లో ఉంటారు. దగ్గరి పెద్ద స్టేషన్‌దాకా డాయిష్‌లాండ్ టికెట్ మీద ఆర్‌బీలో వెళ్లి, అక్కణ్నించి ఐసీఈ ఎక్కాలనుకుని, ఐసీఈకి మాత్రమే సూపర్ ష్పార్‌ప్రైస్ కొంటారు. ఆర్‌బీ ఆలస్యంగా వస్తుంది, ఐసీఈ వెళ్లిపోతుంది. రైల్వే లెక్కలో మీవి రెండు వేరువేరు ప్రయాణాలు. ఐసీఈ సమయానికే వచ్చింది, మీరే రాలేదు. మళ్లీ పూర్తి ధర పెట్టి కొత్త టికెట్టు కొనాల్సి వస్తుంది.

అదే టికెట్టును మీ ఊరి స్టేషన్ నుంచే కొని ఉంటే, ఆర్‌బీ ఆలస్యం కూడా రైల్వే ఖాతాలోకే వస్తుంది. గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకన్నా ఆలస్యంగా చేరే పరిస్థితి ఉంటే ట్సూగ్‌బిండుంగ్ ఎత్తేస్తారు, తర్వాతి ఐసీఈలో అదే టికెట్టుతో వెళ్లవచ్చు. ధరలో తేడా చాలాసార్లు స్వల్పమే. డాయిష్‌లాండ్ టికెట్ ఉండగా మళ్లీ ఆ ముక్కకు కట్టడం వృథా అనిపిస్తుంది, నిజమే. కానీ విమానం పట్టుకోవడానికో, వీసా అపాయింట్‌మెంట్‌కో వెళుతున్న రోజున ఆ కొద్దిపాటి డబ్బుకు వెనకాడకండి. విడిగానే కొంటానంటే పెద్ద స్టేషన్‌కి కనీసం గంట ముందు చేరే ఆర్‌బీ చూసుకోండి.

వెతికేటప్పుడు స్టేషన్ పేరు పూర్తిగా చదవండి

డీబీ నావిగేటర్ యాప్‌లో అన్నీ దొరుకుతాయి. సమయం 24 గంటల పద్ధతిలో ఉంటుంది. ప్రాంతీయ రైళ్లు మాత్రమే చూపించమని ఎంచుకునే వీలుంది, డాయిష్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లు మొదట అది నొక్కండి.

ఫ్రాంక్‌ఫర్ట్ రెండున్నాయి. మైన్ నది ఒడ్డున ఉన్నది మీకు తెలిసిన నగరం, ఓడర్ నది ఒడ్డున ఉన్నది పోలండ్ సరిహద్దు దగ్గరి ఊరు. కాసెల్‌లో ఐసీఈలు ఆగేది విల్‌హెల్మ్స్‌హోయె స్టేషన్లో, కాసెల్ ప్రధాన స్టేషన్లో కాదు. కొలోన్‌లో కొన్ని ఐసీఈలు రైన్ నదికి అవతల ఉన్న మెస్సె/డాయిట్జ్‌లో ఆగుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో స్టేషన్లు రెండు. 1 నుంచి 3 ప్లాట్‌ఫాంలున్నది ప్రాంతీయ రైళ్లకు, 4 నుంచి 7 ఉన్నది దూరప్రయాణపు రైళ్లకు. మధ్యలో నడవాలి. విమానం దిగి నేరుగా రైలెక్కేవాళ్లు పాస్‌పోర్ట్ తనిఖీకి, సామాను రావడానికి పట్టే సమయం ఊహించడం కష్టం కాబట్టి, అలాంటి రోజున ట్సూగ్‌బిండుంగ్ ఉన్న చవక టికెట్టు కొనకపోవడమే మంచిది.

రైలు మారడానికి యాప్ ఇచ్చే సమయం ఒక్కోసారి 6, 7 నిమిషాలే ఉంటుంది. దాన్ని పెంచుకునే వీలు యాప్‌లోనే ఉంది. కనీసం 20 నిమిషాలు, రోజులో చివరి రైలైతే ఇంకా ఎక్కువ పెట్టుకోండి. 2024లో దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. 6 నిమిషాలలోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యంగా లెక్కే కట్టరు, అయినా ఆ సంఖ్య అంతే. పట్టాలు పాతబడ్డాయి, ఒకే దారిలో వేగంగా పోయేవీ నెమ్మదిగా పోయేవీ కలిసి పరుగెడతాయి, మరమ్మతులు దేశమంతటా నడుస్తున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్, మన్‌హైమ్ మధ్య దారిని 2024లో అయిదు నెలలపాటు పూర్తిగా మూసి బాగుచేశారు. ఆ తర్వాత 2025 ఆగస్టులో హాంబుర్గ్, బెర్లిన్ మధ్య దారిని మూశారు. ఇలాంటప్పుడు ఎస్‌ఈవీ అని కనిపిస్తే రైలు బదులు బస్సు అని అర్థం. ఆ బస్సు స్టేషన్ ముందే ఆగుతుందని గ్యారంటీ లేదు, ముందురోజే చూసుకోండి.

స్టేషన్లో

ప్రాంతీయ రైలుకు టికెట్టు ఎక్కకముందే చేతిలో ఉండాలి. లేకపోతే 60 యూరోల జరిమానా. స్థానిక రవాణా సంస్థల కాగితపు టికెట్లు కొన్నింటిని ప్లాట్‌ఫాం మీదో రైల్లోనో ఉండే చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, ముద్ర లేకపోతే టికెట్టు లేనట్టే. దూరప్రయాణపు రైల్లో మాత్రం రైలు బయల్దేరిన 10 నిమిషాలదాకా యాప్‌లో కొనుక్కోవచ్చు. ఫోన్ చచ్చిపోతే టికెట్టు చూపించలేరు, ఆ బాధ్యత మీదే. పవర్ బ్యాంకు పెట్టుకోండి.

ప్లాట్‌ఫాంను గ్లైస్ అంటారు. గోడ మీద పసుపు కాగితంలో ఉన్నవి బయల్దేరే రైళ్లు, తెల్ల కాగితంలో ఉన్నవి వచ్చే రైళ్లు. కానీ నమ్మాల్సింది ఎలక్ట్రానిక్ బోర్డును, యాప్‌ను. చివరి నిమిషంలో ప్లాట్‌ఫాం మారడం మామూలే. బోర్డు మీద తెల్ల పట్టీలో అక్షరాలు పరుగెడుతుంటే తప్పక చదవండి. "ఫెల్ట్ ఔస్" అంటే రైలు రద్దయింది. "హాయ్‌టె ఫాన్ గ్లైస్ 8" అంటే ఈ రోజు 8వ ప్లాట్‌ఫాం నుంచి వెళుతుంది. "బిట్టె నిష్ట్ ఐన్‌ష్టైగెన్" అంటే ఈ రైలెక్కవద్దు. బెర్లిన్ ప్రధాన స్టేషన్లో 1 నుంచి 8 భూమి కింద, 11 నుంచి 16 పై అంతస్తులో ఉంటాయి. అక్కడ రైలు మారాలంటే ఎస్కలేటర్ల మీద పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోండి.

పొడవాటి ప్లాట్‌ఫాంను ఏ, బీ, సీ, డీ అని భాగాలు చేస్తారు. మీ బోగీ ఏ భాగంలో ఆగుతుందో యాప్ చూపిస్తుంది. అక్కడే నిలబడండి. "ఉమ్‌గెకేర్టె వాగన్‌రైయుంగ్" అని ప్రకటిస్తే బోగీల వరస తలకిందులైందని అర్థం, సామానుతో రెండో కొసకు నడవాలి.

ఇంకో ముఖ్య విషయం. కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. బెర్లిన్ నుంచి పడమరకు పోయే కొన్ని ఐసీఈలు హమ్ దగ్గర విడిపోయి, ఒక సగం వుప్పర్టాల్ మీదుగా కొలోన్‌కు, ఇంకో సగం డోర్ట్‌ముండ్, ఎస్సెన్ మీదుగా డ్యూసెల్‌డోర్ఫ్ వైపు పోతాయి. మ్యూనిక్ నుంచి దక్షిణాన కొండలవైపు వెళ్లే ప్రాంతీయ రైళ్లూ అంతే. అందుకని రైలు నంబరొక్కటే చూస్తే చాలదు, మీరెక్కే బోగీ పక్కన రాసిన ఊరి పేరు కూడా చూడండి. పొరపాటున వేరే సగంలో ఎక్కినా కంగారు పడకండి. విడిపోయే స్టేషన్‌కి ముందే టీసీని అడిగితే ఎటు మారాలో చెబుతారు.

తలుపులు బయల్దేరే సమయానికి కొన్ని సెకన్ల ముందే మూసుకుంటాయి, పరుగెత్తుకొచ్చినవాళ్ల కోసం తెరవరు. ప్రాంతీయ రైళ్లలో తలుపు దానంతటది తెరుచుకోదు, బటన్ నొక్కాలి. పల్లెల్లో తిరిగే కొన్ని దారుల్లో చిన్న స్టేషన్లలో ఎవరైనా అడిగితేనే ఆపుతారు. దిగాలంటే బస్సులోలాగా ముందే బటన్ నొక్కండి.

లోపల కూర్చోవడం

వెయిటింగ్ లిస్టు అనే మాటే లేదు. రిజర్వేషన్ తప్పనిసరి కాదు, టికెట్టు ఉంటే ఎక్కవచ్చు, సీటు మాత్రం దొరకకపోవచ్చు. ప్రాంతీయ రైళ్లలో ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. బోగీ మీద 1 అని ఉంటే అది ఫస్ట్ క్లాసు, రెండో తరగతి టికెట్టుతో అందులో నిలబడినా జరిమానా పడుతుంది. ఐసీఈలో సెలవురోజులైనా, పిల్లలున్నా, ప్రయాణం రెండు గంటలు దాటినా కొన్ని యూరోలు పెట్టి సీటు తీసుకోండి. రైలు బయల్దేరిన 15 నిమిషాలలోపు ఆ సీట్లో కూర్చోవాలి, లేకపోతే హక్కు పోతుంది. రిజర్వేషన్ లేనివాళ్లు సీటు పైన ఉన్న చిన్న తెరమీద ఊళ్ల పేర్లు చూడండి. పేర్లు లేకపోతే కూర్చోవచ్చు. "గెగెబెనెన్‌ఫాల్స్ ఫ్రైగెబెన్" అనే సూచన ఉంటే, ఎవరైనా వచ్చి అడిగినప్పుడు లేచే షరతు మీద కూర్చోవచ్చు.

రూయెబెరైష్, అంటే నిశ్శబ్దంగా ఉండాల్సిన భాగం, అని రాసిన చోట ఫోన్ మాట్లాడకూడదు. అక్కడ కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తే పక్కవాళ్లు మొహమాటం లేకుండా చెప్పేస్తారు, అది కోపం కాదు, అక్కడి పద్ధతి. ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్, లైప్‌జిగ్ లాంటి స్టేషన్లలో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి కాబట్టి రైలు వచ్చినవైపే తిరిగి బయల్దేరుతుంది. వెనక్కి పోతున్నామని భయపడి దిగిపోకండి.

సరిహద్దు దాటుతుంటే పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ అసలువి దగ్గరుండాలి, ఫోన్లో ఫొటోలు చెల్లవు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. డాయిష్‌లాండ్ టికెట్ మీద సాల్జ్‌బుర్గ్ ప్రధాన స్టేషన్‌దాకా వెళ్లవచ్చు, కానీ అది ఆస్ట్రియా. తిరుగు దారిలో పోలీసులు రైలెక్కి అడుగుతారు.

ఆలస్యమైతే

ముందు కూర్చున్నచోటే యాప్ తెరిచి మీ ప్రయాణం చూడండి. ట్సూగ్‌బిండుంగ్ ఎత్తేశామని అక్కడే కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాతి రైల్లో టీసీకి చూపించడానికి పనికొస్తుంది. ఇక్కడా రైలు రకమే తేల్చుతుంది. డాయిష్‌లాండ్ టికెట్, రాష్ట్రపు రోజు టికెట్టు ఉన్నవాళ్లు ఆర్‌ఈ రద్దయిందని ఐసీఈ ఎక్కకూడదు, తర్వాతి ప్రాంతీయ రైలు కోసం ఆగాల్సిందే. మామూలు ప్రాంతీయ టికెట్టు కొన్నవాళ్లు 20 నిమిషాల ఆలస్యం ఉంటే ఐసీఈ టికెట్టు కొని ఎక్కి, ఆ డబ్బు తర్వాత అడిగి తీసుకోవచ్చు.

రాత్రి చిక్కుకుపోతే స్టేషన్ సమాచార కౌంటర్‌కి వెళ్లండి. ఆ రాత్రి ఇక ముందుకు వెళ్లే దారి లేకపోతే బస ఏర్పాటు చేయాల్సింది రైల్వేనే. రోజులో చివరి రైలు రద్దయి అర్ధరాత్రిలోపు చేరే వీలు లేనప్పుడు, లేదా అర్ధరాత్రి నుంచి 5 గంటల మధ్య చేరాల్సిన రైలు గంటకు పైగా ఆలస్యమయ్యేటప్పుడు, రైల్వే వేరే దారి చూపకపోతే 120 యూరోలదాకా టాక్సీ ఖర్చు అడగవచ్చు. రసీదు లేకుండా ఏదీ రాదు. కౌంటర్ మూసి ఉంటే రైల్వేకి ఫోన్ చేసిన సమయం, మూసిన కౌంటర్ ఫొటో కూడా పెట్టుకోండి. పెద్ద స్టేషన్లలో బాన్‌హోఫ్స్‌మిస్సియోన్ అనే సహాయకేంద్రం ఉంటుంది. 1894లో బెర్లిన్‌లో మొదలైంది, చర్చి సేవాసంస్థలు నడుపుతాయి, మతంతో పని లేకుండా ఎవరికైనా ఉచితంగా సాయం చేస్తాయి. ఒంటరిగా చిక్కుకున్న ఆడపిల్లలు, చంటిపిల్లలతో ఉన్నవాళ్లు వెనకాడకుండా తలుపు తట్టండి.

ఇల్లు చేరాక పరిహారం సంగతి. గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్టు ధరలో 25 శాతం, 120 నిమిషాలైతే 50 శాతం తిరిగిస్తారు. తీవ్రమైన వాతావరణం లాంటి, రైల్వే చేతిలో లేని కారణమైతే ఇవ్వకపోవచ్చు. రానూపోనూ కలిపి కొన్న టికెట్టయితే సగం ధర మీద లెక్క. 4 యూరోల కన్నా తక్కువైతే చెల్లించరు. డాయిష్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకు గంట దాటిన ప్రతి ఆలస్యానికీ 1.50 యూరోలు. అలాంటివి మూడు పోగుచేసి ఒకేసారి పంపితే 4 దాటుతుంది. యాప్‌లో కొన్న టికెట్టయితే ఆ టికెట్టు కిందే దరఖాస్తు ఉంటుంది, కౌంటర్లో కొన్నదైతే కాగితం ఫారం నింపాలి. గడువు 3 నెలలు.